బాణాల మాస్టారు వినని రాగం

కాశీబుగ్గ బజారులో తాతారావు ఇల్లెక్కడ అని అడిగితే నలుగురూ నాలుగు దిక్కులు చూసేవారు. బాణాల మాస్టారు అంటే మాత్రం రిక్షావాడు మారుమాట్లాడకుండా తీసుకెళ్ళి జీడిపప్పు గోదాం ముందు దింపేవాడు. ఆ గోదాం మేడమీద గదిలో తాతారావు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాడు. కింద జీడిగింజలు కాల్చిన పొగ కిటికీల్లోంచి వచ్చి పిల్లల కళ్ళు మండించేది. అతను అదేమీ పట్టించుకోకుండా బోర్డు మీద ఒక వాక్యం రాసి, చివర పైకో కిందికో ఒక బాణం గీసేవాడు. బాణం ఎటుంటే గొంతు అటు వెళ్ళాలి. అంతే పాఠం. ఆ బాణాలే అతని పేరై కూర్చున్నాయి.

"మాటలు డిక్షనరీలో దొరుకుతాయి. రాగం దొరకదు. నా దగ్గర మీరు నేర్చుకునేది రాగం," అనేవాడు మొదటిరోజు.

మాటకి సగం అర్థం రాగంలోనే ఉంటుందని పదేళ్ళపాటు ఊరూవాడా చాటిన ఈ మనిషి, ఇంట్లో భార్య పలికిన రాగాన్ని ఒకే ఒక్కసారి వినకుండా వదిలేశాడు. ఆ ఒక్కసారితోనే ఆమె ప్రాణం చేజారింది. ఎలా చేజారిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

తాతారావుది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు ఒక చిన్న ఊరు. తండ్రి పెంటయ్యకి నాలుగు కుంచాల మడి, ముప్పై కొబ్బరిచెట్లు. ఆ ఊళ్ళో బి.ఏ. పాసైన మొదటివాడు తాతారావే. టెక్కలి కాలేజీలో చదివాడు. వ్యాకరణం తప్పు పోయేది కాదు, స్పెల్లింగు తప్పు పోయేది కాదు. ఆ ధీమాతోనే 1984లో విశాఖపట్నంలో ఒక ఓడల కంపెనీ గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాడు. బల్లకి అవతల ముగ్గురు ఆఫీసర్లు. పేరడిగారు, చెప్పాడు. ఊరడిగారు, చెప్పాడు. ఏం చదివావన్నారు, అదీ చెప్పాడు. అన్నీ తప్పులేని ఇంగ్లీషులోనే చెప్పాడు. కానీ ఉద్దానం మనిషి మాట చివర్లో కాస్త ఎత్తుకుంటుంది కదా. ప్రతి జవాబూ పైకి లేచి నిలబడింది.

ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు తీసి తెలుగులోకి దిగాడు. "తాతారావు గారూ, మీ పేరు మీరు చెబుతున్నారా, మమ్మల్ని అడుగుతున్నారా?"

మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. టీ తెచ్చినవాడు కూడా నవ్వాడు. రైల్లో తిరిగొస్తూ నౌపడ ఉప్పుకొఠార్లు దాటేదాకా తాతారావు తలెత్తలేదు. ఆ అవమానం అతని ఒంట్లో అలా దిగబడిపోయింది. ఉద్యోగం పోయినందుకు కాదు, పుట్టిన ఊరి యాస తనని నలుగురిలో నవ్వులపాలు చేసిందని.

ఆ ఏడాదే ఒక రేడియో కొన్నాడు. రోజూ సాయంత్రం విదేశీ వార్తలు పెట్టుకుని, కొబ్బరితోటలోకి పోయి, విన్నది విన్నట్టు పైకి అనేవాడు. చెట్టెక్కినవాళ్ళు కాయలు కోయడం మాని కిందికి చూసేవారు. పెంటయ్య కొడుక్కి గాలి సోకిందని ఊళ్ళో చెప్పుకున్నారు. తాతారావు లెక్కచేయలేదు. ఐదారేళ్ళు పట్టుదలగా నూరిన మీదట గొంతు లొంగింది. ఇంగ్లీషు మాట ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. అయితే అది ఇంగ్లీషుతో ఆగలేదు. చీడ పట్టిన మొక్కకి మందు కొడితే పక్క మొక్క కూడా మాడినట్టు, తెలుగులో ఉన్న ఒంపు కూడా పోయింది. ఇంట్లో "అన్నం పెట్టు" అన్నా సరే, స్టేషన్లో రైలు వస్తోందని చెప్పినట్టే ఉండేది.

అతని భార్య సన్యాసమ్మ మేనత్త కూతురే. ఐదో తరగతితో చదువు ఆపేసింది. జీడితోట పని, కొబ్బరిపీచు పని, ఇంటిపని అన్నీ ఆమె చేతిమీదే నడిచేవి. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "నీతో మాటాడితే రేడియోతో మాటాడినట్టుంటాది బావా. ఎటు తిప్పినా ఒక్కటే టేసను," అని వెక్కిరించేది. అతనూ నవ్వేవాడు. నిజం చెప్పాలంటే ఆ వెక్కిరింత అతనికి మెచ్చుకోలులాగే వినిపించేది.

టెక్కలిలో ఒక ప్రైవేటు బళ్ళో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, 1996లో కాశీబుగ్గలో ఈ క్లాసు పెట్టాడు. ఓడల్లో పనికి పోవాలనుకునే కుర్రాళ్ళు, జీడిపప్పు ఎగుమతి చేసే షావుకార్ల కొడుకులు, హోటలు ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు వచ్చి చేరారు. వాళ్ళకి అతను చెప్పే పాఠాల్లో గొప్పది 'నో' పాఠం. ఒక్క 'నో' అనే మాటని మూడు రకాలుగా అనిపించేవాడు. గొంతు దభీమని కిందికి దిగితే ఇంక మాట లేదని అర్థం. పైకి లేస్తే "అవునా, నిజమా?" అని. కాస్త దిగి మళ్ళీ పైకి తేలితే మాత్రం జాగ్రత్తగా ఉండాలి. "అలా అన్నవాడు కాదని అనడం లేదు. మనసులో ఏదో దాచుకున్నాడు. మీరు ఆగి, మళ్ళీ అడగాలి," అని చెప్పేవాడు. ఆ దిగి తేలే గీతని బోర్డు మీద రంగు సుద్దతో ఎంత అందంగా గీసేవాడో.

ఆ దిగి తేలే 'నో' ఉద్దానంలో ప్రతి ఇంట్లోనూ రోజూ వినిపించేదే. అక్కడ మొదటిసారి అన్న 'లేదు'ని ఎవరూ లేదని అనుకోరు. చుట్టం గుమ్మంలోకి వస్తాడు, "అన్నం తిన్నావేటి?" అంటారు, "తిన్నానూ" అంటాడు. ఆ 'నూ' ఎంతసేపు సాగి ఎటు వంగిందో చూసి, ఇంటావిడ మారుమాట లేకుండా విస్తరి వేస్తుంది. మంచాన పడ్డవాళ్ళని "ఎలాగుంది?" అంటే "బాగుందీ" అంటారు. ఆ దీర్ఘం విన్నవాళ్ళు కూర్చుని మళ్ళీ అడుగుతారు. రెండోసారీ అదే జవాబొస్తే మూడోసారి కసురుకుంటారు. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. అది అక్కడి మర్యాద. నా బాధ నీ నెత్తిన వేయను, నీకు అక్కర ఉంటే అడిగి తీసుకో అని. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. తాతారావుకీ తెలుసు, పుట్టినప్పటినుంచీ. తెలిసిన సంగతే తన పాఠంలో ఉందని అతనికి ఏనాడూ తట్టలేదు. ఇంగ్లీషు రాగానికి అర్థం ఉంది. ఊరి రాగం ఉత్త మొరటుతనం. అలా గట్టిగా నమ్మేశాడు పాపం.

ఈలోగా ఊళ్ళో కిడ్నీ జబ్బు పెరిగింది. మొదట ఒక ఇంట్లో, తర్వాత పక్క ఇంట్లో. పనిచేసే వయసులోని మనుషులు, నిన్నటిదాకా కొబ్బరిచెట్టెక్కినవాళ్ళు, మొహాలు ఉబ్బి, అన్నం సహించక, ఆరునెలల్లో పోయేవారు. నీళ్ళ వల్ల అన్నారు, నేల వల్ల అన్నారు, ఎవరికీ తెలియదు. సన్యాసమ్మకి నడుంనొప్పి ఉండేది. కిళ్ళీకొట్టులో దొరికే నొప్పిబిళ్ళ ఒకటి మింగి తోటకి పోయేది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అదే చేసేవారు.

2002లో, ఎండలు ముదరకముందు, ఒక విదేశీ సేవాసంఘం డాక్టర్లు ఊరి బళ్ళో మూడురోజుల శిబిరం పెట్టారు. పెద్ద డాక్టరమ్మ పేరు హెలెన్. అరవై ఏళ్ళు ఉంటాయి, తెల్లజుట్టు, మెత్తని మాట. ఆమె మాట ఊరికి, ఊరి మాట ఆమెకి చెప్పే మనిషి కావాలి. బాణాల మాస్టారు ఉండగా ఇంకొకరి పేరు ఎందుకొస్తుంది? తాతారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి ఆమె పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కూతురు ప్రియకి అప్పుడు పదకొండేళ్ళు. నాన్న దొరసాని పక్కన కూర్చున్నాడని బడంతా చెప్పుకుని మురిసింది.

పద్ధతి ఇలా పెట్టారు. మూడు ఊళ్ళ జనం వచ్చారు, రక్తపరీక్షలకి తెచ్చిన సరంజామా రెండువందల మందికే సరిపోతుంది. అందుకని ముందు అందరినీ ఐదు ప్రశ్నలు అడుగుతారు. కాళ్ళు వాస్తున్నాయా, మూత్రంలో నురగ వస్తోందా, ఆకలి తగ్గిందా, త్వరగా అలసిపోతున్నారా, నొప్పిబిళ్ళలు వాడుతున్నారా. రెండింటికి అవునన్నవాళ్ళకి చీటీ ఇస్తారు. చీటీ ఉన్నవాళ్ళకే రక్తపరీక్ష. డాక్టరమ్మ తాతారావుతో ముందే చెప్పింది. ఒక్కసారే అడగండి, ఏమన్నారో అదే చెప్పండి, మీరేమీ కలపొద్దు అని.

రెండోరోజు పదిగంటలకి ఆమె కలం పక్కన పెట్టి, "మీరు ఇంగ్లండులో ఎన్నాళ్ళున్నారు?" అని అడిగింది.

"నేను విశాఖపట్నం దాటి ఎరగను మేడమ్," అన్నాడు తాతారావు. ఆమె నమ్మలేదు. ఇంత చక్కటి పలుకు తమ దేశంలో కూడా తక్కువమంది దగ్గర విన్నానంది. పద్దెనిమిదేళ్ళ కిందటి ఆ ముగ్గురు ఆఫీసర్లూ ఇప్పుడు ఇక్కడుంటే బాగుండునని తాతారావుకి అనిపించింది. అతని గుండె ఎంతలా పొంగిందంటే, తర్వాత వరసలో ఎవరున్నారో కూడా వెంటనే చూడలేదు.

వరసలో సన్యాసమ్మ ఉంది. పక్కన కూతురు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఊరంతా చూస్తుండగా మొగుడి ముందు రోగిలా నిలబడినందుకు సగం సిగ్గు, సగం నవ్వు. తాతారావుకి అక్కడ తను భర్తని కాననిపించింది. దొరలు మెచ్చిన మనిషిలా గొంతు సవరించుకున్నాడు.

"మీకు కాళ్ళు వాస్తున్నాయా?" అన్నాడు. పెళ్ళాన్ని 'మీకు' అన్నాడు.

వరసలో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేదూ," అంది.

"మూత్రంలో నురగ వస్తోందా?"

వెనక మగవాళ్ళున్నారు. ఆమె మొహం కందిపోయింది. నేలచూపు చూస్తూ, "నేదు," అంది.

మూడూ నాలుగూ కూడా అలాగే అయ్యాయి. చివరి ప్రశ్నకి, నొప్పిబిళ్ళల సంగతికి, ఆమె ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూసింది. నవ్వు లేదు ఆ చూపులో. "ఏటీ నేదూ…" అంది. ఆ 'నేదూ' మెల్లగా కిందికి దిగి, అక్కడ కాస్త తడబడి, మళ్ళీ పైకి లేచి గాలిలో నిలబడిపోయింది.

తెలుగు ముక్క రాని డాక్టరమ్మ రాస్తున్న చెయ్యి ఆపి తలెత్తింది. "ఆమె గొంతు పైకి లేచింది. ఏమైనా అడుగుతోందా?"

తాతారావు చెవులు వేడెక్కాయి. మీరు చెబుతున్నారా, అడుగుతున్నారా? మళ్ళీ అదే మాట, తన ఇంటిమనిషి గురించి, ఇంత పొగిడిన మనిషి నోట. అతను తొందరపడ్డాడు.

"లేదు మేడమ్. మా పల్లెవాళ్ళ యాస అలాగే ఉంటుంది. దానికి అర్థమేమీ లేదు," అన్నాడు. ఆపైన ఆమె జవాబుని ఇంగ్లీషులో పెట్టాడు. "నథింగ్. నథింగ్ ఎటాల్." గొంతు ఎక్కడ దిగాలో అక్కడ దిగింది, లవలేశం తేడా లేకుండా.

డాక్టరమ్మ కార్డు మీద ఆ మాటే రాసి పక్కన పెట్టింది. సన్యాసమ్మకి చీటీ రాలేదు. ఆమె కాసేపు అక్కడే నిలబడి, తర్వాత ప్రియ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తాతారావు దొరసాని పొగడ్తని మూడుసార్లు చెప్పాడు. సన్యాసమ్మ మూడుసార్లూ విని, చేపలపులుసు వేసింది.

రెండేళ్ళ తర్వాత ఒకరోజు తోటలో ఆమె వాంతి చేసుకుని పడిపోయింది. మొహం ఉబ్బిపోయి, కళ్ళు గీతల్లా ఉన్నాయి. టెక్కలిలో చూపిస్తే విశాఖపట్నం పొమ్మన్నారు. అక్కడ ఒక కుర్రడాక్టరు రక్తం కాగితాలు చూసి, ఆమె కాలి మీద వేలితో నొక్కాడు. వేలు తీసినా గుంట పూడలేదు.

"ఎన్నాళ్ళనుంచి అమ్మా ఈ వాపు?"

"మూడేళ్ళు అవుతాది బాబూ," అంది సన్యాసమ్మ.

రెండేళ్ళ ముందు తెలిసి ఉంటే నొప్పిబిళ్ళలు మానిపించేవాళ్ళం, మందులతో ఇంకొన్నేళ్ళు లాక్కొచ్చేవాళ్ళం అన్నాడు డాక్టరు. ఇప్పుడు మిషన్ మీద రక్తం శుభ్రం చేయడం తప్ప దారి లేదన్నాడు. చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోయాడు.

వరండాలో బెంచీ మీద తాతారావు ఆమె పక్కన కూలబడ్డాడు. "మూడేళ్ళా? నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"సెప్పేను కద బావా. ఆ దొరసానమ్మ ముందర సెప్పేను."

"ఏమీ లేదన్నావు నువ్వు!"

"అన్నాను. అంతమందిలో ఏటని సెప్పుకుంతాను? మళ్ళీ అడుగుతావనుకున్నాను. అడగనేదు నువ్వు. పోనీ ఇంటికొచ్చి అడుగుతావని సూసేను." ఆమె గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. అదే అతన్ని చంపేసింది. "సదువుకున్నోడివి. దొరసానికి నువ్వే ఏటీ నేదని సెప్పేవు కద. నిజంగానే ఏటీ నేదేమో, నాను ఊరికే బయపడతన్నానేమో అనుకున్నాను. పోనీలే బావా. ఏడకు. అందరూ సూత్తన్నారు."

అతను ఏడుస్తున్నాడని అప్పుడు గానీ అతనికే తెలియలేదు.

ఆ తర్వాత పదినెలలు వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కి విశాఖపట్నం, మళ్ళీ పలాస. పొద్దున చీకటితో బయలుదేరితే ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. నీళ్ళు కొలిచి తాగాలన్నారు. గ్లాసుడు నీళ్ళు రోజంతా సరిపెట్టుకోవాలి. ఎండలో తోటపని చేసి చెంబుడు నీళ్ళు గటగటా తాగే మనిషి, రైల్లో ఎదుటివాళ్ళు నీళ్ళు తాగుతుంటే మొహం కిటికీవైపు తిప్పుకునేది. ఇప్పుడు తాతారావు అడగడం నేర్చుకున్నాడు. నొప్పిగా ఉందా అని, తల తిరుగుతోందా అని, నిజంగా లేదా అని, మళ్ళీ మళ్ళీ, గంటకి పదిసార్లు. "ఇప్పుడడుగుతావేటి బావా, ఇసిగించకు," అనేది ఆమె కళ్ళు మూసుకుని.

2005 ఫిబ్రవరిలో, మధ్యాహ్నం వార్డులో, అతను వంగి మళ్ళీ అడిగాడు. "నొప్పిగా ఉందా?"

"నేదు," అంది సన్యాసమ్మ. పొట్టిగా, తెగిపోయినట్టు, ఒంపు లేకుండా. ఆమె నోట అలాంటి 'నేదు' తాతారావు పెళ్ళయ్యాక ఎప్పుడూ వినలేదు. ఈసారి నిజంగానే ఏమీ లేదు. మూడున్నరకి పోయింది.

శవాన్ని ఊరికి తెచ్చినప్పుడు ఆడవాళ్ళు ఆమెని పేరుపేరునా పిలిచి, వరసలు చెప్పి, రాగాలు తీసి ఏడ్చారు. టెక్కలి నుంచి వచ్చిన చుట్టాలు ఎప్పుడు పోయిందని తాతారావుని అడిగారు. "మధ్యాహ్నం మూడున్నరకి," అన్నాడు. వార్తలు చదివినట్టు అన్నాడు. కడుపులో ఎంత ఉన్నా గొంతు దాటి రాలేదు. పెళ్ళాం పోతే కూడా ఇలా మాట్లాడతాడేం, రాతిమనిషి అని వాళ్ళు పక్కకి వెళ్ళి చెప్పుకున్నారు. ఆ మాట అతని చెవిన పడింది. కాదని చెప్పడానికి కూడా అతని దగ్గర ఆ ఒక్క గొంతే ఉంది.

క్లాసు మళ్ళీ తెరిచాడు కానీ నెల నిలవలేదు. 'నో' పాఠం వచ్చిన రోజు బోర్డు మీద బాణం గీయకుండానే సుద్దముక్క కింద పెట్టి, పిల్లల్ని ఇంటికి పొమ్మన్నాడు. మర్నాడు గోదాం తాళం షావుకారుకి ఇచ్చేశాడు. తోటపని అలవాటు లేకపోయినా చేశాడు. ప్రియ వంట చేసుకుంటూ హైస్కూలుకి వెళ్ళింది.

2007లో హెలెన్ డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. అదే బడి, అదే వరస. ఈసారి పరీక్ష సరంజామా చాలా తెచ్చారు, అందరికీ చేస్తామన్నారు. పాత కార్డుల పెట్టె కూడా తెచ్చింది. అప్పుడు చూసినవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో రాసుకోవాలని. మాస్టారు ఎక్కడని ఆమే అడిగి కబురు పెట్టింది. తాతారావు రానన్నాడు. "ఎల్లు నాన్నా. నువ్వు కాకపోతే ఎవులు సెప్తారు?" అంది ప్రియ. పదహారేళ్ళ పిల్ల, తండ్రి చొక్కా తానే ఇస్త్రీ చేసి ఇచ్చి, వెంట వచ్చింది.

ఒక్కొక్క కార్డే తీస్తున్నారు. పేరు చదవడం, ఉన్నారో లేరో చెప్పడం. లేరన్న మాట ఎక్కువే వచ్చింది ఆ పొద్దున. పదకొండు గంటలకి డాక్టరమ్మ ఒక కార్డు తీసి, "సన్యాసమ్మ," అని కష్టపడి పలికింది. తాతారావు తల దించుకున్నాడు. పోయారా అని అడిగింది. తలూపాడు. ఏ జబ్బు, ఎప్పుడు అంది. కిడ్నీ, రెండేళ్ళయింది అన్నాడు. ఆమె కార్డుని మళ్ళీ చదివి, కళ్ళజోడు సరిచేసుకుంది.

"విచిత్రం. అప్పుడు ఒక్క లక్షణం కూడా లేదు. ఐదింటికీ లేదన్నది." లక్షణాలేవీ లేకుండా మూడేళ్ళలో పోయిన మనిషి అని రాయబోయింది.

తాతారావు ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. ఐదేళ్ళ కిందట అలాంటి పని చచ్చినా చేసేవాడు కాదు.

"అలా రాయకండి మేడమ్. ఆమె నా భార్య. ఆమె లేదనలేదు. ఉందనే చెప్పింది. మీరు విన్నారు, ఏమైనా అడుగుతోందా అని నన్నడిగారు. నేనే అర్థం లేదన్నాను."

డాక్టరమ్మ రాయడం ఆపింది. కలం మూత పెట్టి, మెల్లగా అడిగింది. "ఎలా అన్నారామె? నాకు వినిపించగలరా?"

తాతారావు నోరు తెరిచాడు. "ఏటీ నేదు," అన్నాడు. మాటలు వచ్చాయి, ఒంపు రాలేదు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ అదే, తిన్నగా, ఇస్త్రీ చేసినట్టు. మూడోసారి గొంతు జీర పోయింది గానీ పైకి లేవలేదు. ఏ దేశం రాగమైనా పలికించే మనిషి, భార్య చివరి మొరని పలకలేక, చేతులు నలుపుకుంటూ వెనక్కి తిరిగాడు.

"అమ్మా ప్రియా. ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు కదా. అమ్మ ఎలా అందో ఒకసారి చెప్పమ్మా."

ప్రియ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తండ్రిని చూసింది, డాక్టరమ్మని చూసింది. కొంగు లేదు, ఓణీ చివర నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటీ నేదూ…"

దిగింది, తడబడింది, పైకి లేచి నిలబడింది. సన్యాసమ్మే వచ్చి అన్నట్టు ఉంది. తాతారావు బల్ల అంచు పట్టుకున్నాడు.

వరస మధ్యలో అప్పలమ్మ ఉంది. వాళ్ళ పక్కింటి ముసలామె. రెండు కళ్ళకీ పొరలు కమ్మి, మనిషి ఆనదు. ఎదురుగా ఎవరున్నారో ఆమెకి తెలియదు, ఆ గొంతు ఒక్కటే తెలుసు. ఆ ఊళ్ళో పుట్టిన ఎవరైనా ఆ రాగం వింటే ఏం చేస్తారో, ఆమె ఆలోచించకుండా అదే చేసింది. కర్ర నేలకేసి తట్టి, గట్టిగా కసురుకుంది.

"ఏటి నేదే సన్యాసీ! ఏటో ఉంది నీకు. సెప్పవే!"